కళ్ళ కదలికలు "వీక్" అన్నారా? ముందు ఏ కదలికో అడగండి

మీరు అడిగింది ఇది: బాబుకి తొమ్మిదేళ్ళు, నాలుగో తరగతి. చదివేటప్పుడు లైన్లు వదిలేస్తున్నాడు, వేలు పెట్టుకోకపోతే ఎక్కడ చదువుతున్నాడో తప్పిపోతున్నాడు. కళ్ళద్దాల షాపులో చూపిస్తే సైట్ లేదన్నారు. ఇంకో చోట "కళ్ళ కదలికలు వీక్‌గా ఉన్నాయి, ఆరు నెలలు ఎక్సర్‌సైజులు చేయించాలి" అన్నారు. అసలు కళ్ళ కదలికలు ఎన్ని రకాలు, అవి చూపుకి ఎందుకు, ఈ ఎక్సర్‌సైజులతో చదువు బాగుపడుతుందా అని మీ టెన్షన్.

నేను ఆప్టోమెట్రిస్ట్‌ని, అంటే కళ్ళు పరీక్షించి అద్దాలు రాసే పని. ఇరవై ఏళ్ళకు పైగా ఈ పనిలో ఉన్నాను, అందులో ఎక్కువ భాగం మెల్లకన్ను, ఒకటి రెండుగా కనిపించడం, పిల్లల కళ్ళు, వీటితోనే గడిచింది. కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే "కదలికలు వీక్" అనేది రోగం పేరు కాదు. "ఒంట్లో బాగోలేదు" అన్నట్టు ఉంటుంది అది. కన్ను కదిలే తీరులు కొన్ని ఉన్నాయి. ఒక్కోదాని పని వేరు, మెదడులో దాన్ని నడిపే చోటు వేరు, అది చెడితే మనిషి పడే ఇబ్బంది వేరు. ఏ కదలిక బాగోలేదో చెప్పకుండా ఎవరైనా ఎక్సర్‌సైజులు మొదలుపెడదాం అంటే, ఆ మాట తెలిసేదాకా ఆగండి.

ముందు కన్ను ఎందుకు కదలాలో చూద్దాం. చెయ్యి బారుగా చాచి బొటనవేలు పైకెత్తి పట్టుకోండి. ఆ గోరు ఎంత వెడల్పు కనిపిస్తుందో, సుమారుగా అంత మేరే మనకి నిజంగా స్పష్టంగా కనిపించేది. కొలతల్లో చెప్పాలంటే 2 డిగ్రీలు. కంటి వెనక ఉండే రెటీనా పొర మధ్యలో ఫోవియా అనే చిన్న గుంట ఉంటుంది, వెడల్పు ఒకటిన్నర మిల్లీమీటర్లు. అక్షరాలు పట్టుకోగల శక్తి అంతా అక్కడే. దాని పక్కకు వెళ్ళిన కొద్దీ చూపు మసకబారుతుంది. ఇప్పుడు మీరు ఈ వాక్యంలో ఒక పదం మీద చూపు నిలిపి, కన్ను కదపకుండా రెండు లైన్ల కింద ఉన్న పదం చదవడానికి ప్రయత్నించండి. అక్కడ ఏవో అక్షరాలు ఉన్నాయని తెలుస్తుంది, అవేంటో తెలియదు. అయినా గది మొత్తం ఒకేసారి స్పష్టంగా కనిపిస్తోందనే మనకి అనిపిస్తుంది. అదంతా కన్ను తిరిగి తిరిగి కొంచెం కొంచెంగా తెచ్చిచ్చిందే.

తిప్పడానికి ఒక్కో కంటికి ఆరు కండరాలు ఉన్నాయి: నాలుగు నిటారువి, రెండు ఏటవాలువి. వాటిని మెదడు నుంచి వచ్చే మూడు నరాలు నడుపుతాయి. మూడోది, నాలుగోది, ఆరోది. నాలుగో నరానికి ఒక కండరం, ఆరో నరానికి ఒక కండరం, మిగతా నాలుగూ మూడో నరానివే. కళ్ళు రెండూ కలిసి కదలాలి కాబట్టి పన్నెండు కండరాలు ఒకరి మాట ఒకరు వింటూ పనిచెయ్యాలి. ఆ కండరాల్లో బలం లేక ఇబ్బంది రావడం చాలా తక్కువ. సాధారణంగా కన్ను తిప్పడానికి అవసరమైన బలం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ బలం వాటికి ఉంది. అందుకే "కళ్ళకి జిమ్" లాంటి మాటలు విన్నప్పుడు నాకు బాధగా ఉంటుంది. తేడా వస్తే కండరంలో కంటే దాన్ని నడిపే చోట వస్తుంది.

ఈ కదలికలను మొదట పద్ధతిగా విడదీసి రాసినవాడు అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు రేమండ్ డాడ్జ్. 1903లో ఐదు రకాలుగా చెప్పాడు. ఇప్పటికీ మేము వాడేది దాదాపు ఆ విభజనే, ఇంకో ఒకటీ రెండూ చేరాయి.

మొదటిది, మీ బాబు విషయంలో అన్నిటికంటే ముఖ్యమైనది, చూపు గెంతు. సకాడ్ అంటాం. ఫ్రెంచి మాట, గుర్రం కళ్ళెం చటుక్కున లాగడాన్ని అలా అంటారు. మేలుకుని ఉన్నంతసేపూ సెకనుకి మూడుసార్లు కన్ను ఇలా గెంతుతూనే ఉంటుంది. పదహారు గంటలు మేలుకున్నామనుకుంటే రోజుకి లక్షన్నర గెంతులు దాటుతాయి. మన శరీరంలో ఇంత వేగంగా కదిలేవి చాలా తక్కువ. పెద్ద గెంతులో కన్ను సెకనుకి 500 డిగ్రీల వేగం దాటుతుంది. చదివేటప్పుడు వేసే చిన్న గెంతు 30 మిల్లీసెకన్లలో, అంటే సెకనులో ముప్పయ్యో వంతులో, అయిపోతుంది. మధ్యలో దారి మార్చుకునే వ్యవధి ఉండదు. బాణం వదిలినట్టే, ఎక్కడ దిగాలో ముందే లెక్క కట్టుకుని బయల్దేరుతుంది.

మనం చదువుతున్నప్పుడు కన్ను లైను మీద నున్నగా జారుతుందనే చాలామంది అనుకుంటారు. 1879లో ఎవాల్డ్ హెరింగ్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు రెప్పల మీద రబ్బరు గొట్టాలు ఆనించి, డాక్టరు గుండె చప్పుడు విన్నట్టు కంటి చప్పుడు విన్నాడు. చదివే మనిషి కంటి నుంచి టక్ టక్ మని ఆగి ఆగి శబ్దాలు వచ్చాయి. మీకు గొట్టం అక్కర్లేదు. ఒక న్యూస్ పేపర్ పేజీ మధ్యలో పెన్సిల్ పట్టేంత చిల్లు చేసి, బాబుని ఆ పేజీ చదవమని, మీరు వెనక వైపు నుంచి ఆ చిల్లులోంచి వాడి కళ్ళు చూడండి. నల్లగుడ్డు ఆగుతుంది, గెంతుతుంది, ఆగుతుంది, గెంతుతుంది. అప్పుడప్పుడు వెనక్కి ఒక చిన్న గెంతు. లైను చివరికి వచ్చాక ఒక పెద్ద గెంతుతో ఎడమ వైపుకి వస్తుంది, చాలాసార్లు కొంచెం ముందే దిగి, వెంటనే ఇంకో బుల్లి గెంతుతో సరిచేసుకుంటుంది. పిల్లలు లైను తప్పిపోయేది ఎక్కువగా అక్కడే. ముందు మీ ఇంట్లో బాగా చదివే పెద్దవాళ్ళని చూసి, తర్వాత వాడిని చూస్తే తేడా తెలుస్తుంది.

బాగా చదివే పెద్దవాళ్ళ కన్ను ఒక్కో చోట సుమారు పావు సెకను ఆగుతుంది. పది, పదిహేను శాతం గెంతులు వెనక్కే ఉంటాయి, అది తప్పు కాదు. పిల్లల కన్ను ఎక్కువసేపు ఆగుతుంది, చిన్న గెంతులు వేస్తుంది, ఎక్కువసార్లు వెనక్కి వెళ్తుంది. ఇక్కడ ఒక సంగతి బాగా గుర్తుపెట్టుకోండి, మీ ప్రశ్నకి సగం జవాబు ఇందులోనే ఉంది. చదవడం కష్టంగా ఉన్నప్పుడు కళ్ళు అలా తడబడతాయి. కళ్ళు తడబడడం వల్లే చదవడం కష్టమైందని దాన్ని తిరగేసి చెప్పడం చాలాచోట్ల జరుగుతోంది. బాగా చదివే పెద్దమనిషికి తనకి అలవాటు లేని కోర్టు తీర్పు ఇచ్చి చదవమంటే ఆయన కళ్ళూ అలాగే ఆగి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ వస్తాయి. చదవడంలో వెనకబడిన పిల్లాడికి వాడి స్థాయికి తగ్గ తేలిక కథ ఇస్తే కళ్ళు చాలావరకు సర్దుకుంటాయి.

గెంతు వేగంగా ఉంటే మరి ప్రపంచం అలికేసినట్టు ఎందుకు కనిపించదు? ఫోన్ కెమెరా అంత వేగంగా తిప్పితే వీడియో అంతా గీతలే కదా. అద్దం ముందు నిలబడి మీ ఎడమ కంటిని చూడండి, తర్వాత కుడి కంటిని, మళ్ళీ ఎడమ కంటిని. మీ కళ్ళు కదలడం మీకు ఒక్కసారీ కనిపించదు. పక్కన నిలబడ్డవాళ్ళకి మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది. గెంతు జరిగే ఆ కాస్త సేపూ మెదడు ఆ బొమ్మను మన దాకా రానివ్వదు. గోడ గడియారం వైపు చటుక్కున చూసినప్పుడు సెకన్ల ముల్లు మొదటి క్షణం ఆగిపోయినట్టు అనిపించడం మీకూ జరిగే ఉంటుంది. గెంతుకి పోయిన సమయాన్ని మెదడు తర్వాత కనిపించిన బొమ్మతో పూడ్చుకుంటుంది, అందుకే ఆ మొదటి సెకను సాగినట్టు ఉంటుంది.

అంతేకాదు, కన్ను తానే తిరిగినప్పుడు "నేనే తిప్పాను" అనే కబురు మెదడులోనే ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్తుంది. అందుకే గది కదలదు. ఒక కన్ను మూసుకుని, రెండో కంటి చివర రెప్ప మీద వేలితో చాలా మెల్లగా, తేలిగ్గా తాకి కదపండి (కంటికి ఆపరేషన్ అయినవాళ్ళు, నీటికాసులు ఉన్నవాళ్ళు చెయ్యకండి). గది ఊగుతుంది. కన్ను కదిలింది కానీ ఆ కబురు వెళ్ళలేదు.

సకాడ్ నిజంగా చెడితే ఎలా ఉంటుందో కూడా చెప్పాలి, ఎందుకంటే "సకాడ్లు స్లో" అని రిపోర్టులో రాయడం నేను చూశాను. 1971లో బొంబాయిలో డాక్టర్ నోషిర్ వాడియా, ఆయన సహచరుడు స్వామి కలిసి, తొమ్మిది కుటుంబాల్లో వంశపారంపర్యంగా వచ్చే ఒక నరాల జబ్బు గురించి రాశారు. నడక తూలడంతో పాటు ఆ రోగుల కళ్ళు గెంతవు, నిదానంగా పాకుతాయి. పక్కనున్న మనిషిని చూడాలంటే ముందు తల తిప్పుతారు, లేదా రెప్ప వేసి కన్ను తిప్పుతారు. ప్రపంచమంతా వైద్యులు చదివే ఆ వర్ణన మన దేశం నుంచి వెళ్ళింది. ఇంకో రకం జబ్బు పెద్దవయసులో వస్తుంది. ముందుగా పైకీ కిందికీ చూసే గెంతులు నెమ్మదిస్తాయి. నేను చూసిన ఒక పెద్దాయన మెట్లు దిగేటప్పుడు పడిపోతున్నారని ఇంట్లోవాళ్ళు కళ్ళద్దాలు మార్చమని తీసుకొచ్చారు. ఆయన భార్య ఇంకో మాట చెప్పారు: "కంచంలో ఏముందో చూడరండీ, చేతికి తగిలింది కలుపుకుని తినేస్తారు. పచ్చడి ఎక్కడ వేశానో నేను చెప్పాలి." ఆయన చూపు మామూలుగానే ఉంది, కింది లైను దాకా చదివారు. కిందికి చూడలేకపోతున్నారు, అంతే. అద్దాలు రాయకుండా నరాల డాక్టర్ దగ్గరికి పంపాను. సకాడ్లు నిదానించడం అంటే ఇది. మీ బాబు క్రికెట్ ఆడుతున్నాడంటే, పిలిస్తే చటుక్కున మీ వైపు చూస్తున్నాడంటే, వాడికి ఇది లేదు.

రెండోది వెంట తిరిగే చూపు, స్మూత్ పర్‌సూట్ అంటాం. కదులుతున్న వస్తువును పట్టుకుని కన్ను నున్నగా దానితో పాటు వెళ్ళడం. ఒక చిత్రం చూడండి. ఖాళీ గోడ మీద ఎడమ నుంచి కుడికి చూపును నున్నగా జరపాలని ప్రయత్నించండి, ఎదుటివాళ్ళని మీ కళ్ళు చూడమనండి. మీకు జారినట్టే అనిపిస్తుంది, వాళ్ళకి చిన్న చిన్న గెంతులు కనిపిస్తాయి. ఇప్పుడు మీ వేలిని అదే దారిలో మెల్లగా జరుపుతూ చూడండి. కన్ను నూనె రాసినట్టు వెళ్తుంది. వెంబడించడానికి ఏదో ఒకటి లేకపోతే ఈ కదలిక పుట్టదు, మనం ఎంత అనుకున్నా పుట్టదు.

మా అమ్మాయి కూచిపూడి నేర్చుకునే రోజుల్లో నేను ఇది గమనించాను. దృష్టి భేదాలు సాధన చేసేటప్పుడు, చూపు ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తిప్పే ప్రలోకితం ఉత్తినే చేస్తే కళ్ళు చిన్నగా తడబడేవి. హస్తం కదుపుతూ దాని వెంట చేస్తే ఒక్క తునక లేకుండా సాగేది. చెయ్యి ఎటు పోతే చూపు అటు అని గురువులు చెప్పేది అభినయం కోసమే. కానీ కంటి శాస్త్రం చదివినవాళ్ళకి ఆ మాటలో ఈ రెండో రకం కదలిక కనిపిస్తుంది. కళాకారిణి చూపు జారుతున్నట్టు ఉండాలంటే కంటికి ఒక లక్ష్యం కావాలి.

ఈ కదలిక వేగానికి హద్దు ఉంది. సెకనుకి 30 డిగ్రీల దాకా హాయిగా వెళ్తుంది, ఆ తర్వాత కన్ను వెనకబడి, మధ్యమధ్యలో గెంతి అందుకుంటుంది. అలసట, నిద్రమత్తు, మద్యం, కొన్ని మందులు దీన్ని సులువుగా పాడుచేస్తాయి. చిన్నపిల్లల్లో ఇది పెద్దవాళ్ళంత నున్నగా ఉండదు కూడా. పెన్ను ఊపి "చూశారా, కన్ను జర్క్ కొడుతోంది" అని తల్లిదండ్రులకు చూపించడం తేలిక. తొమ్మిదేళ్ళ పిల్లాడు బోర్ కొట్టినా జర్క్ కొడుతుంది. పైగా చదవడంలో ఈ కదలికతో పనే లేదు. అక్షరాలు కదలవు కదా.

క్రికెట్ సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. "బంతి మీద నుంచి కన్ను తియ్యకు" అని కోచ్‌లు చెబుతారు. 2000లో ఇంగ్లండ్‌లో మైకేల్ లాండ్, పీటర్ మెక్‌లియడ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక్కో బ్యాట్స్‌మన్ తలకి కెమెరా పెట్టి, అతని చూపు ఎక్కడుందో రికార్డు చేశారు. బంతి మెషీన్ నుంచి బయటపడేటప్పుడు కన్ను దాని మీద ఉంది. వెంటనే బంతిని వదిలేసి, అది ఎక్కడ పిచ్ అవుతుందో ఆ చోటికి గెంతి, అక్కడ కాచుకుని కూర్చుంది. బంతి వచ్చి నేలకి తగిలాక మళ్ళీ కొంత దూరం వెంబడించింది. ఆట బాగా వచ్చినవాడి కన్ను ముందుగా గెంతింది, రానివాడిది ఆలస్యంగా గెంతింది. గంటకి 140 కిలోమీటర్ల బంతి బ్యాట్ దగ్గరికి రావడానికి అర సెకను కూడా పట్టదు, బంతి దగ్గరికొచ్చే కొద్దీ అది కంటి ముందు తిరిగే వేగం వెంబడించే చూపుకి అందదు. అందుకే రెండు రకాల కదలికలు చేతులు మార్చుకుంటూ పనిచేస్తాయి. ఎక్కడికి గెంతాలో కంటికి చెప్పేది ఆట అనుభవం. చదవడంలోనూ అంతే, భాష మీద పట్టు పెరిగితే గెంతులు సరైన చోట దిగుతాయి.

మూడోది అందరూ మరిచిపోయేది, నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది. తల కదిలినప్పుడు కన్ను దానికి ఎదురు తిరగడం. అరచేతిని ముఖం ముందు పెట్టుకుని, తల కదపకుండా చేతిని అటూ ఇటూ వేగంగా ఊపండి. గీతలు అలికిపోతాయి. ఇప్పుడు చేతిని కదపకుండా పట్టుకుని, అంతే వేగంతో తలను "కాదు కాదు" అన్నట్టు ఊపండి. గీతలు చక్కగా కనిపిస్తాయి. రెండుసార్లూ చేతికీ తలకీ మధ్య కదలిక ఒకటే. మొదటిసారి కంటి చూపు ఆధారంగా వెంబడించాలి, అది నిదానం. రెండోసారి లోపలి చెవిలో ఉండే మూడు అర్ధవృత్తాకార గొట్టాలు తల తిరుగుడును పసిగట్టి, కేవలం మూడు నరకణాల మెట్లు దాటి, కంటి కండరాలకి చెబుతాయి. దాదాపు 10 మిల్లీసెకన్లలో కన్ను ఎదురు తిరిగిపోతుంది. ఇందులో చూపు ప్రమేయం లేదు, చీకట్లో కూడా జరుగుతుంది. మనం నడుస్తూ బస్సు బోర్డు చదవగలుగుతున్నామంటే దీని చలవే.

ఇది పోతే ఏమవుతుందో 1952లో ఒక డాక్టర్ స్వయంగా రాశాడు. స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజక్షన్ల వల్ల ఆయన లోపలి చెవి దెబ్బతింది. నడుస్తుంటే ఎదురొచ్చేవాళ్ళ ముఖాలు, బోర్డులు గుర్తుపట్టలేకపోయేవాడు. మంచం మీద పడుకుని చదువుదామన్నా, గుండె కొట్టుకునే ప్రతి దెబ్బకీ తల వెంట్రుకవాసి కదిలి, అక్షరాలు ఎగిరేవి. తలను మంచం తలవైపు ఉన్న రెండు ఇనుప కమ్మీల మధ్య ఇరికించుకుని చదివేవాడు. అదే జాతి మందు జెంటామైసిన్ కూడా ఇదే పని చెయ్యగలదు. నా దగ్గరికి వచ్చిన ఒకావిడ "ఆగితే అన్నీ కనిపిస్తాయి, అడుగేస్తే ఊరంతా ఊగుతుంది" అన్నారు. మూడు అద్దాల జతలు మార్చారు అప్పటికే. ఆవిడని బోర్డు చదవమని, చదువుతుండగా తల ఊపితే ఐదు లైన్లు పోయాయి. ఆసుపత్రిలో వారాల తరబడి ఇంజక్షన్లు తీసుకున్న సంగతి అప్పుడు అడిగితే బయటపడింది.

నాలుగోది చప్పున చెప్పేస్తాను. రైల్లో కిటికీ పక్క కూర్చున్నవాళ్ళ కళ్ళు గమనించండి. కరెంటు స్తంభాలతో పాటు కన్ను కొంత దూరం జారుతుంది, చటుక్కున వెనక్కి గెంతుతుంది, మళ్ళీ జారుతుంది. తల చాలాసేపు తిరుగుతున్నప్పుడు చెవి సమాచారం మందగిస్తే, మొత్తం దృశ్యం కదలికను చూసి ఈ ఏర్పాటు పని అందుకుంటుంది. మాటలు రాని పసిపిల్లలకి చూపు ఉందో లేదో తెలుసుకోవడానికి మేము గీతల డ్రమ్ము తిప్పి చూసేది దీన్నే.

ఐదోది మీ బాబు విషయంలో తప్పకుండా చూడాల్సింది. ఇంతవరకు చెప్పిన వాటిలో రెండు కళ్ళూ ఒకే వైపు వెళ్తాయి. దగ్గరి వస్తువు చూసేటప్పుడు మాత్రం రెండూ ముక్కు వైపుకి చేరాలి. దీన్ని కన్వర్జెన్స్ అంటాం. దీనితో పాటే కంటి లోపలి లెన్సు ఉబ్బుతుంది, కంటిపాప చిన్నదవుతుంది, మూడూ ఒక జట్టు. గెంతుతో పోలిస్తే ఇది బాగా నిదానం. కొంతమంది పిల్లల్లో ఇది సరిగా చేరదు, లేదా చేరినా నిలవదు. అప్పుడు అక్షరాలు రెండుగా కనిపించడం, పరిగెత్తినట్టు అనిపించడం, పావుగంట చదివేసరికి నుదురు నొప్పి, ఒక కన్ను చేత్తో మూసుకుని చదవడం ఉంటాయి. పిల్లలు "రెండుగా కనిపిస్తోంది" అని చెప్పరు, అందరికీ అలాగే కనిపిస్తుందనుకుంటారు. "అక్షరాలు ఏమైనా కదులుతాయా నాన్నా?" అని అడగాలి.

పెన్ను కొనను ముక్కు వైపుకి మెల్లగా తీసుకొస్తూ, ఎప్పుడు రెండవుతుందో చెప్పమనాలి. మామూలుగా 6 సెంటీమీటర్ల దాకా ఒకటిగానే ఉంటుంది. 10, 15 దగ్గరే విడిపోతే ఆలోచించాలి. ఒక్కసారి చూసి వదలకండి. మొదటిసారి బాగా చేసి, నాలుగోసారికి అలసిపోయే పిల్లలు చాలామంది.

ఎక్సర్‌సైజులు పనిచేస్తాయని గట్టి ఆధారం ఉన్నది ఈ ఒక్క ఇబ్బందికి. 2008లో అమెరికాలో 9 నుంచి 17 ఏళ్ళ పిల్లలు 221 మందితో ఒక పెద్ద పరీక్ష జరిగింది. 12 వారాలు క్లినిక్‌లో చేయించి, ఇంట్లో కూడా చేయించిన గుంపులో 73 శాతం మంది బాగుపడ్డారు లేదా మెరుగుపడ్డారు. ఇంట్లో పెన్సిల్ ముక్కు వైపుకి తెచ్చే ఎక్సర్‌సైజు ఒక్కటే చేసినవారిలో 43 శాతం. ఉత్తుత్తి ఎక్సర్‌సైజులు చేసినవారిలో కూడా 35 శాతం మంది మెరుగయ్యారు, అది మరిచిపోకూడదు. తర్వాత అదే బృందం ఈ వైద్యంతో చదివి అర్థం చేసుకునే శక్తి పెరుగుతుందా అని 311 మంది పిల్లల్లో చూసింది. 2019లో ఫలితం వచ్చింది: ఉత్తుత్తి ఎక్సర్‌సైజులు చేసినవారికీ వీళ్ళకీ చదువులో తేడా లేదు. తలనొప్పి, రెండుగా కనిపించడం తగ్గితే పిల్లాడికి అది పెద్ద ఊరటే, ఆ మేరకు చేయించడం మంచిదే. మార్కుల కోసమైతే అది దారి కాదు. డిస్లెక్సియాకి, అంటే తెలివి ఉన్నా అక్షరాలు చదవడం కష్టమయ్యే ఇబ్బందికి, కంటి ఎక్సర్‌సైజులు వైద్యం కాదని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం, కంటి డాక్టర్ల సంఘం కలిసి 2009లోనే చెప్పాయి.

కన్ను నిలకడగా ఉన్నప్పుడు జరిగే కదలిక ఇంకోటి ఉంది, అది చెప్పకపోతే అసలు సంగతి వదిలేసినట్టు అవుతుంది. మనం ఒక చుక్క వైపు కన్నార్పకుండా చూస్తున్నా కన్ను కదులుతూనే ఉంటుంది. సన్నగా వణుకుతుంది, మెల్లగా పక్కకి జారుతుంది, సెకనుకి ఒకటి రెండుసార్లు బుల్లి గెంతు వేస్తుంది. దీని అవసరం ఏమిటో 1952 ప్రాంతంలో బ్రిటన్‌లో, అమెరికాలో విడివిడిగా తేలింది. కంటికి అతికించిన లెన్సు సాయంతో, కన్ను ఎటు కదిలితే బొమ్మ కూడా అటే కదిలేలా చేశారు. అంటే రెటీనా మీద బొమ్మ కదలకుండా నిలిచిపోయింది. కొన్ని సెకన్లలో బొమ్మ మాయమైపోయింది. ఎదురుగా ఉన్నా కనిపించలేదు. రెటీనా కణాలు ముఖ్యంగా మార్పుకే స్పందిస్తాయి, మారనిదాన్ని వదిలేస్తాయి. ఒంటి మీద చొక్కా ఉన్న సంగతి మనకి కాసేపటికి తెలియనట్టే. కన్ను వణకడం ఆపితే మనకి లోకం కనిపించదు.

ఇప్పుడు మీ బాబు దగ్గరికి వద్దాం. వాడు లైన్లు వదిలేది తెలుగులోనా, ఇంగ్లీషులోనా, రెండింటిలోనా? ఇది నేను మొదట అడిగే ప్రశ్న. ఇంగ్లీషులో తప్పిపోయి, తెలుగు కథ హాయిగా చదివేస్తుంటే కళ్ళ మీద అనుమానం అక్కర్లేదు. అవే కళ్ళు, ఆ భాష ఇంకా పట్టుబడలేదు. రెండింటిలోనూ తప్పిపోతుంటే, మీరు చదివి వినిపించండి. విని చక్కగా జవాబులు చెబుతూ, తాను చదివితే మాత్రం చెప్పలేకపోతుంటే, అక్షరాలను శబ్దాలుగా మార్చుకోవడంలో ఇబ్బంది ఉండొచ్చు. దానికి పిల్లల చదువు ఇబ్బందులు అంచనా వేసే సైకాలజిస్టు, స్పెషల్ ఎడ్యుకేటర్ కావాలి. వేలు పెట్టుకుని చదవనివ్వండి. స్కూల్లో వద్దంటే ఒక స్కేలు లైను కింద పెట్టుకోమనండి. ఆ వయసుకి అది తప్పు కాదు.

కంటి పరీక్ష మాత్రం మళ్ళీ చేయించండి. షాపులో "సైట్ లేదు" అన్నది సరిపోదు. కంటిపాపను పెద్దది చేసే చుక్కలు వేసి చూడాలి, ఎందుకంటే పిల్లల్లో ప్లస్ పవర్ దాక్కుని ఉంటుంది, బోర్డు బాగానే చదువుతారు, పుస్తకం దగ్గర అలసిపోతారు. ఒక కన్ను మూసి తెరిచి మెల్ల ఉందేమో చూడాలి, దూరానికీ దగ్గరికీ రెండింటికీ. కన్వర్జెన్స్ ఎన్ని సెంటీమీటర్లో, ప్రిజం కడ్డీతో (వరుసగా పట్టకాలు అమర్చిన పరికరం) ఎంతవరకు నిలబెట్టుకుంటున్నాడో అంకెలు రాయించుకోండి. మీకు "వీక్" అని చెప్పినవాళ్ళ దగ్గరికి వెళ్ళి మర్యాదగానే అడగండి: ఏ కదలిక, కొలత ఎంత, ఆ వయసుకి మామూలు ఎంత, ఎన్ని వారాల తర్వాత మళ్ళీ కొలుస్తారు. ఈ నాలుగింటికీ జవాబు ఉంటే వాళ్ళు చెప్పింది ఆలోచించదగ్గదే. లేకపోతే డబ్బు కట్టకండి.

ఇది చదివే పెద్దవాళ్ళ కోసం ఒక హెచ్చరిక, ఇది బాబుకి సంబంధించినది కాదు. ఉన్నట్టుండి ఒకటి రెండుగా కనిపిస్తే ఎక్సర్‌సైజుల గురించి ఆలోచించకండి, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. షుగరు, బీపీ ఉన్నవాళ్ళలో ఆరో నరం దెబ్బతిని కన్ను బయటి వైపుకి వెళ్ళకపోవడం మేము తరచుగా చూస్తాం. చాలామందికి మూడు నాలుగు నెలల్లో తగ్గుతుంది. కానీ రెప్ప వాలిపోయి, ఆ కంటి పాప పెద్దదైతే అది మెదడులో రక్తనాళం ఉబ్బిన గుర్తు కావచ్చు. గంటలు లెక్కే అక్కడ. పొద్దున బాగుండి సాయంత్రానికి రెప్ప వాలి రెండుగా కనిపిస్తే అది ఇంకో జబ్బు, దానికి మంచి మందులున్నాయి. ఆగకుండా కళ్ళు తిరుగుతూ, నిలబడలేకపోతుంటే చెవి సమస్యే అని ఇంట్లో కూర్చోకండి.

బాబు పరీక్ష అయ్యాక రిపోర్టులో ప్లస్ పవర్ ఎంత ఉంది, కన్వర్జెన్స్ ఎన్ని సెంటీమీటర్లు, తెలుగు చదివేటప్పుడు ఎలా ఉన్నాడు, ఈ మూడూ రాయండి. చూసి ఎక్సర్‌సైజులు అవసరమో కాదో చెబుతాను.